ఒక శాతం వడ్డీ అంటే ఒక చదరం ఇల్లు

2022 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే మా బావమరిది పొడుగు నోటుబుక్కు చంకలో పెట్టుకొని ఇంటికొచ్చాడు. కర్నూలులో ప్రభుత్వ బడి టీచరు, వయసు 42. నంద్యాల చెక్‌పోస్టు దాటి లోపలికి పోతే నాలుగు సెంట్ల స్థలం ఉంది. ప్లాను అప్రూవల్ అయింది, బేల్దారి మేస్త్రీతో మాట కూడా అయింది, శ్రావణంలో ముగ్గు పోయడానికి ముహూర్తం పెట్టించుకున్నాడు. ఇంతలో టీవీలో వడ్డీ రేట్ల వార్త.

"ఐదు వారాల్లో రెండుసార్లు పెంచినారు బావా. ఇంకా పెంచుతారంట. ఆగుదామా, దిగుదామా?"

ఆ పూట ఇద్దరం రెండు దఫాలు కాఫీ తాగి, నాలుగు పేజీలు వడ్డీ లెక్కలు వేశాం. ఆ నోటుబుక్కు మొన్నీమధ్య మళ్ళీ తిరగేశాను. వడ్డీ లెక్కలు ముత్యాల్లా ఉన్నాయి. సంపు, బోరు, కాంపౌండు గోడ అన్న మాటలు మాత్రం ఎక్కడా లేవు. అతని ఇల్లు ఎనిమిది నెలలు ఆగిపోవడానికి కారణం ఆ లేని మాటలే. వడ్డీ పాత్ర అందులో కొంచెమే.

ముందు వడ్డీనే మన పద్ధతిలో కొలుద్దాం. మన వైపు ఎవరూ సంవత్సరానికి ఇన్ని శాతం అని మాట్లాడుకోరు, నూటికి నెలకు ఎంత అంటారు. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు వచ్చిన పావలా వడ్డీ పథకం గుర్తుందా? పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. ఆ లెక్కన 9 శాతం గృహ రుణం ముప్పావలా వడ్డీ. ఊళ్ళో ప్రోనోటు మీద తెచ్చే రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం. ఈ రెండింటినీ ఒకే కొలతతో పక్కపక్కన పెట్టి చూడకపోవడం వల్లే సగం తప్పులు జరుగుతాయి. బ్యాంకు వాడు 'శాతం' అంటాడు, ఫైనాన్స్ వాడు 'రూపాయి' అంటాడు. వినడానికి రెండు రూపాయలు చిన్నదిగా, తొమ్మిది శాతం పెద్దదిగా ఉంటాయి.

రేటు ఎందుకు పెరుగుతుంది

వస్తువుల ధరలు అదుపు తప్పినప్పుడు రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచుతుంది. బ్యాంకులు తన దగ్గర అప్పు తీసుకుంటే వేసే వడ్డీ అది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (అంటే రేటు మారుతూ ఉండే) గృహ రుణాలన్నిటినీ బయటి రేటు ఒకదానికి ముడిపెట్టాలి, ఎక్కువ బ్యాంకులు రెపోకే ముడిపెట్టాయి. రెపో మీద బ్యాంకు తన మార్జిన్ కలుపుతుంది, ఆ మొత్తమే మన రేటు. కనీసం మూడు నెలలకొకసారి దాన్ని సవరించాలి. అందుకే ముంబయిలో ప్రకటన వచ్చిన కొన్ని వారాలకే కల్లూరులో ఒక టీచరు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల సంగతి వేరు. వాటికి ఈ ముడి తప్పనిసరి కాదు, సొంత రేటు ఉంటుంది. పెంచేటప్పుడు చురుగ్గా, తగ్గించేటప్పుడు నింపాదిగా ఉంటాయని నా అనుభవం.

కరోనా సమయంలో రెపో 4 శాతం. 2022 మే 4న 0.40, జూన్ 8న 0.50 పెరిగింది. ఆగస్టు, సెప్టెంబరు, డిసెంబరు, మరుసటి ఫిబ్రవరి కూడా కలిపితే తొమ్మిది నెలల్లో 6.5కు చేరింది. మొత్తం పెరుగుదల రెండున్నర శాతం. మన భాషలో నూటికి నెలకు 21 పైసలు, పావలా కూడా కాదు. ఆ తర్వాత రెండేళ్ళు కదల్లేదు. 2025 ఫిబ్రవరిలో తగ్గడం మొదలై, ఆ ఏడాది డిసెంబరుకల్లా 5.25కు దిగింది.

అంటే ఇరవై ఏళ్ళ అప్పులో ఇలాంటి ఎక్కుడు దిగుడులు ఎన్నో వస్తాయి. ఏ నెలలో సంతకం పెట్టామన్నది అందులో ఒక్క నెల సంగతి.

అలాగని 21 పైసలు తేలికేమీ కాదు. నా అప్పే చెప్తాను. నేను 2021లో తీసుకున్నాను, 7 శాతం దగ్గర. 25 లక్షలకు ఇరవై ఏళ్ళకైతే ఈఎంఐ 19,382 వస్తుంది. ఏడాది కట్టాక అసలు 24 లక్షల 40 వేల చిల్లర మిగులుతుంది. లెక్క సులభంగా ఉండటానికి, ఆ రెండున్నర శాతం ఒకేసారి పెరిగిందనుకోండి. 9.5 శాతం మీద ఆ నెల వడ్డీయే 19,320. ఈఎంఐ మారకపోతే అసలుకు జమయ్యేది 62 రూపాయలు! కర్నూలులో ఇద్దరు హోటల్లో టిఫిన్ తింటే అంతకంటే ఎక్కువవుతుంది. ఆ వేగంతో అప్పు తీరడానికి అరవై ఏళ్ళు పడుతుంది. బ్యాంకులు అంతదాకా రానివ్వవు, ఒక హద్దు దాటాక ఈఎంఐ పెంచేస్తాయి. కానీ ఆ హద్దు దాకా మనకు తెలియకుండానే నెలలు పెంచుకుంటూ పోయిన రోజులున్నాయి. నాకు అలాగే జరిగింది. 2023లో వేరే పని మీద స్టేట్‌మెంట్ తీయించుకుంటే తప్ప, నా అప్పు నా రిటైర్మెంటు దాటి పోయిందని తెలియలేదు. కౌంటర్లో అడిగితే "సిస్టమ్ చేస్తుంది సార్" అన్నారు.

నాలాంటి వాళ్ళు చాలామంది మొత్తుకున్నట్టున్నారు. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, నెలలు పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అనేది అప్పు తీసుకున్నవాణ్ణి అడగాలి. ఫిక్స్‌డ్ రేటుకు మారే వీలు కూడా చూపించాలని అప్పుడు ఉండేది, 2025 అక్టోబరు నుంచి అది బ్యాంకు ఇష్టానికి వదిలేశారు. మధ్యలో ఎంతైనా కట్టుకోనివ్వాలి.

ఇందులో ఏది ఎంచుకోవాలో ఒక లెక్క చూస్తే తెలిసిపోతుంది. 25 లక్షలు, 240 నెలలు, 8 శాతం మీద ఈఎంఐ 20,911. రేటు 9 అయితే ఈఎంఐ 22,493 కావాలి, తేడా 1,582. ఇది కట్టుకుంటే ఇరవై ఏళ్ళలో అదనంగా పోయేది సుమారు 3 లక్షల 80 వేలు. "వద్దులే, ఈఎంఐ అట్లే ఉండనీ" అంటే 240 నెలలు 304 అవుతాయి. అదనంగా పోయేది 13 లక్షలకు పైనే. నెలకు పదహారు వందలు మిగిలాయనుకుంటాం గాని, తొమ్మిదిన్నర లక్షలు పోగొట్టుకుంటాం. పెరిగినప్పుడు ఈఎంఐ పెంచమని, తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించకుండా నెలలు తగ్గించమని కాగితం రాసివ్వండి. ఇంతకంటే మంచి సలహా వడ్డీ విషయంలో నా దగ్గర లేదు.

ఆగితే ఏం మిగులుతుంది

బావమరిది 2022 జూన్‌లో ఆగి, రేట్లు తగ్గేదాకా చూశాడనుకుందాం. మొదటి తగ్గింపు రావడానికి 32 నెలలు పట్టింది. నెలకు 9 వేల బాడుగ, 2 లక్షల 88 వేలు. ఈలోపు మేస్త్రీ కూలీ పెరుగుతుంది, ఇసుక ట్రిప్పు పెరుగుతుంది, కమ్మీ ధర ఎటు పోతుందో కమ్మీ కొట్టు వాడికే తెలియదు. అన్ని వేళలా పెరగడమే అని కూడా చెప్పలేం. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆంధ్రలో 2024 జులైలో ఉచిత ఇసుక వచ్చింది, కాకపోతే ఇసుక ఉచితమైనా ట్రాక్టరు ఉచితం కాదు. అన్నీ కలిపి ముట్టుబడి ఏడాదికి 5 శాతం పెరుగుతుందనుకుంటే, 30 లక్షల ఇంటికి లక్షన్నర.

మరి ఆగినందుకు లాభం? చాలామంది పొరబడేది ఇక్కడే. అప్పు ఫ్లోటింగ్ అయితే, 2022లో తీసుకున్నవాడికీ 2025లో రేటు తగ్గుతుంది, 2025లో తీసుకున్నవాడికీ తగ్గుతుంది. ఆగినవాడు తప్పించుకునేది మధ్యలోని ఎక్కువ వడ్డీని మాత్రమే. దానికి బదులు బాడుగ కడుతూనే ఉన్నాడు.

ఆగడంలో నిజమైన లాభం ఇంకొకటుంది. ఈఎంఐ 22 వేల 500, బాడుగ 9 వేలు. మధ్య తేడా 13 వేల 500 నెలనెలా దాచగలిగితే ఏడాదికి 1 లక్షా 62 వేలు చేతికొస్తుంది. అది ముట్టుబడి పెరుగుదలకు ఇంచుమించు సరిపోతుంది. దాచలేనివాడు ఆగితే ఏడాదికి ఏడాది వెనక్కి పోతాడు. దాచేవాడు ఉన్నచోటే ఉంటాడు. అంతకంటే ఎక్కువ దాచగలిగినవాడికే ఆగడం గిట్టుబాటు. అందుకే "రేట్లు తగ్గనీ" అని ఆగుతున్న వాళ్ళను నేను ఒకటే అడుగుతాను, ఈ నెల ఎంత దాచావు అని.

నోటుబుక్కులో లేని పేజీ

బావమరిది అంచనా కింద, పైన కలిపి 15 చదరాలు. కొత్తవాళ్ళకు చెప్పాలి, వంద చదరపు అడుగులు ఒక చదరం, పదికి పది గది అనుకోండి. చదరం 2 లక్షల లెక్కన 30 లక్షలు. బ్యాంకు అప్పు 25, చేతి డబ్బు 5. కాగితం మీద సొగసుగా కుదిరింది.

ముగ్గు పోసి తవ్వడం మొదలుపెట్టిన రెండో రోజే మొదటి దెబ్బ తగిలింది. అతని స్థలం నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే నేల. మేలో చూస్తే బీటల్లో చెయ్యి దూరుతుంది. దాని మీద పునాది వేస్తే నాలుగేళ్ళకు గోడలు పగుళ్ళిస్తాయి. గట్టి నేల తగిలేదాకా తవ్వాలి, నల్లమట్టి తీసేసి గరుసు పోసి తొక్కించాలి, బీములు గట్టిగా వేయాలి. అనంతపురం వైపు ఎర్రనేలల్లో చాలాచోట్ల ఈ బాధ తక్కువ. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు నల్లనేలల్లో కట్టేవాళ్ళు చదరం రేటు మాట్లాడుకునే ముందు ఒక గుంత తీయించి చూసుకోవడం మంచిది. జేసీబీ గంట ఖర్చుతో పోతుంది. మనం చూసుకోలేదు, అంచనా మీద లక్షన్నర పైన పడింది.

తర్వాత వరసగా వచ్చాయి. మేస్త్రీ చెప్పే చదరం రేటులో ఇల్లే ఉంటుంది. బోరు ఉండదు, సంపు ఉండదు, సెప్టిక్ ట్యాంకు ఉండదు, కాంపౌండు గోడ, గేటు ఉండవు. అడిగితే "అవి వేరే గదా సార్" అంటాడు. అతను మోసం చేసింది లేదు, ఊరంతా అదే పద్ధతి. మనమే అడగం. బోరు, మోటారు 1 లక్షా 20 వేలు. సంపు, సెప్టిక్ ట్యాంకు 80 వేలు. గోడ, గేటు లక్షన్నర. పునాది దెబ్బతో కలిపితే సరిగ్గా 5 లక్షలు.

ఇక్కడ బ్యాంకు పద్ధతి ఒకటి తెలిసుండాలి. ఇల్లు కట్టుకునే అప్పును బ్యాంకు ఒకేసారి చేతిలో పెట్టదు. పునాది అయ్యాక కొంత, స్లాబు పడ్డాక కొంత, ప్లాస్టరింగ్ అయ్యాక కొంత. బ్యాంకు ఇంజనీరు వచ్చి చూసి, పని ఇంతదాకా వచ్చిందని రాస్తేనే తర్వాతి విడత. అంటే ప్రతి దశకూ ముందు మన డబ్బుతో చేరుకోవాలి, తర్వాత వాళ్ళు ఇస్తారు. చేతి డబ్బు అయిపోతే బ్యాంకులో మంజూరైన డబ్బు కూడా అందదు. బావమరిదికి 18 లక్షలు విడుదలయ్యాక స్లాబు పడింది, గోడలు లేచాయి. ఇంకో 7 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. అక్కడిదాకా పోవడానికి చేతిలో రూపాయి లేదు.

ఎనిమిది నెలలు ఆగింది ఇల్లు. నేను అప్పుడప్పుడు పోయి చూసేవాణ్ణి. హాల్లో సెంట్రింగ్ కర్రలు ఒక మూల కుప్ప, కిటికీ గ్రిల్లులకు చిలుం, బేతంచర్ల బండలు దింపుకున్న చోట గడ్డి మొలిచింది. వాచ్‌మన్‌గా పెట్టుకున్న ముసలాయన మాత్రం లోపల రాయి పొయ్యి పెట్టుకొని హాయిగా ఉన్నాడు. గృహప్రవేశం ముందు ఆయనదే అయింది.

ఆ ఎనిమిది నెలల లెక్క ఇది. విడుదలైన 18 లక్షల మీద 9 శాతం వడ్డీ, అంటే ప్రీ ఈఎంఐ, నెలకు 13,500. ఇందులో అసలుకు ఒక్క రూపాయి జమ కాదు. బాడుగ 9 వేలు ఎటూ ఉంది. నెలకు 22,500 చొప్పున 1 లక్షా 80 వేలు గాలికి పోయాయి. మేం జూన్‌లో భయపడిన ఒక శాతం వడ్డీ ఏడాదికి 19 వేల లోపు. అంటే ఆగిపోయిన ఎనిమిది నెలలు, ఒక శాతం ఎక్కువ వడ్డీని తొమ్మిదేళ్ళకు పైగా కట్టినదానితో సమానం.

చివరికి ప్రోనోటు మీద 5 లక్షలు తెచ్చాడు, రెండు రూపాయల వడ్డీకి. నాకు తెచ్చాకే చెప్పాడు, ముందే చెబితే వద్దంటానని. నెలకు 10 వేలు వడ్డీ. 25 లక్షలకు బ్యాంకు వేసే మొదటి నెల వడ్డీ 18,750, దాంట్లో సగం కంటే ఎక్కువ ఈ 5 లక్షలకే. రెండు అప్పులూ కలిపి సగటు తీస్తే, 9 శాతం మీద 25 లక్షలకు ఏడాదికి 2.25 లక్షలు, 24 శాతం మీద 5 లక్షలకు 1.20 లక్షలు. మొత్తం 30 లక్షల మీద 3.45 లక్షలు, అంటే 11.5 శాతం. రిజర్వు బ్యాంకు ఆరు సమావేశాల్లో, తొమ్మిది నెలల్లో పెంచిన ఆ రెండున్నర శాతాన్ని మా బావమరిది ఒక్క సాయంత్రం సంతకంతో తనమీద తనే పెంచుకున్నాడు.

అందుకే ఇప్పుడు ఎవరైనా నన్ను రేటు ఎంతుందని అడిగితే, చివరి 5 లక్షలు ఎక్కడినుంచి వస్తాయో చెప్పమంటాను. చీటీ పాడతావా, బంగారం బ్యాంకులో పెడతావా, పి.ఎఫ్. తీస్తావా? ఏదైనా సరే, ముగ్గు పోయకముందే తెలిసుండాలి. బ్యాంకులో బంగారం పెట్టినా రెండు రూపాయల వడ్డీ కంటే ఎంతో నయం. మన వైపు ఆడవాళ్ళు దానికి అంత తేలిగ్గా ఒప్పుకోరు, అది వేరే వ్యాసం.

పది అడుగుల గది

ఇంటి విషయంలో మన చేతిలో లేనిది రేటు. కాలం సగం మన చేతిలో ఉంది. పూర్తిగా మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఎన్ని చదరాలు అన్నది. చిత్రమేమిటంటే ప్లాను మీద ఆ అంకెను ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు.

2 లక్షల చదరానికి 9 శాతం మీద, ఇరవై ఏళ్ళకు ఈఎంఐ దగ్గర దగ్గర 1,800. 25 లక్షల మీద ఒక శాతం రేటు పెరిగితే అదనంగా పడేది 1,582. అంటే ఒక శాతం వడ్డీకి భయపడేవాడు ఇంట్లో పదికి పది గది ఒకటి తగ్గించుకుంటే భయం తీరిపోయి, ఇంకో రెండు వందలు మిగులుతాయి. రెపో రేటు మొత్తం రెండున్నర శాతం పెరిగినా, మూడు చదరాలు తగ్గిస్తే సరి. 15 చదరాల ఇల్లు 12 అయితే ఎవరి పరువూ పోదు. పూజ గది గోడ అలమరలోకి వస్తుంది, పోర్టికో చిన్నదవుతుంది, పైన గది తర్వాతకు వాయిదా పడుతుంది.

అనంతపురంలో మా పిన్ని కొడుకు 2023లో చేసింది ఇదే. రేట్లు బాగా పైనున్న కాలం. 14 చదరాలు గీయించుకున్న ప్లానులో పైభాగం తీసేసి కింద 9 చదరాలే కట్టాడు. పునాది, పిల్లర్లు మాత్రం పైన ఇంకో అంతస్తుకు సరిపోయేలా వేయించాడు. ఇక్కడ మాత్రం పొదుపు చేయకూడదు, తర్వాత మార్చుకోలేం. హాల్లో విట్రిఫైడ్ టైల్స్ వద్దని తాడిపత్రి బండలు పరిపించాడు. మా వదిన మొదట మొహం ముడుచుకుంది, ఏప్రిల్ వచ్చాక చాప కూడా లేకుండా దాని మీదే పడుకుంటోంది. తొమ్మిది నెలల్లో చేరిపోయారు, ప్రోనోటు లేకుండా. అతనికి మా బావమరిది కంటే పావు శాతం ఎక్కువ రేటే పడింది. ఆ సంగతి చెప్తే నవ్వుతాడు.

దిగే ముందు ఇంకో పని చేయమని చెప్తాను. బ్యాంకు చెప్పిన రేటుకు రెండు శాతం కలిపి ఈఎంఐ వేసుకోండి. 25 లక్షలకు 9 బదులు 11 శాతం అయితే 25,800. అందులోంచి ఇప్పుడు కడుతున్న బాడుగ 9 వేలు తీసేస్తే దాదాపు 17 వేలు. ఈ 17 వేలను ఆరు నెలలపాటు, జీతం పడిన రోజే ఆర్.డి.లో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేసి చూడండి. పిల్లల ఫీజులు, దసరా, ఒక పెళ్ళి కట్నకానుకలు అన్నీ ఆ ఆరు నెలల్లో వచ్చేలా చూసుకోండి. ఆర్.డి. ఎక్కడా ఆగకుండా నడిస్తే దిగొచ్చు, చేతిలో లక్ష పైనే ఉంటుంది. మూడో నెలే విరిచేయాల్సి వస్తే జవాబు మీ చేతిలోనే ఉంది, ఏ నిపుణుణ్ణీ అడగక్కర్లేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ఫిక్స్‌డ్ రేటు అన్న మాట వినడానికి నిశ్చింతగా ఉంటుంది గాని, మామూలుగా ఫ్లోటింగ్ కంటే ఎక్కువే పడుతుంది. కొన్నిటికి రెండు మూడేళ్ళ తర్వాత రేటు మార్చే షరతు ఉంటుంది, ఆ పేజీ చదవండి. పన్ను మిగులుతుందన్న ధీమాతో దిగేవాళ్ళున్నారు. మనమే ఉండే ఇంటి వడ్డీకి 2 లక్షల వరకు మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. అదీ అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్ళలో ఇల్లు పూర్తయితేనే. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేక, కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉన్నవాళ్ళు పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2.0 వడ్డీ రాయితీ గురించి బ్యాంకులో తప్పక అడగాలి. షరతులకు సరిపోతే విడతలుగా గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు వస్తుంది. ఇక ఫ్లోటింగ్ గృహ రుణాన్ని మధ్యలో ఎంత కట్టినా, మొత్తం తీర్చేసినా వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదు. ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కడితే ఇరవై ఏళ్ళ అప్పు మూడేళ్ళకు పైగా ముందే తీరుతుంది.

కాగితాల సంగతి మాత్రం తొందరగా దాటలేను. మన వైపు వడ్డీ రేటు కంటే ముందే నిర్ణయాన్ని తేల్చేసేది స్థలం కాగితం. డి.కె.టి. పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయినా, 22ఏ లిస్టులో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) సర్వే నంబరు ఉన్నా, లేఅవుట్‌కు అప్రూవల్ లేకపోయినా, లింకు డాక్యుమెంట్లలో (వెనకటి అమ్మకాల దస్తావేజులు) ఒకటి తెగినా బ్యాంకు తలుపు మూసుకుంటుంది. అప్పుడు ముప్పావలా వడ్డీ అన్నది మన లెక్కలోనే ఉండదు, మొత్తం ఇల్లు రెండు రూపాయల వడ్డీ మీద నిలబడాలి. అలా కట్టి, రెండేళ్ళకు ఆ ఇల్లే అమ్ముకున్నవాళ్ళు నాకు తెలుసు. కర్నూలులో స్థలం కొనేవాళ్ళు ఇంకో మాట కూడా అడుగుతారు, 2009 అక్టోబరులో ఇక్కడికి నీళ్ళు ఎంతదాకా వచ్చాయని. తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. అది కూడా ఈసీ (స్థలం మీద అమ్మకాలు, అప్పుల వివరాల కాగితం) తీయించడం లాంటిదే.

బావమరిది 2024 మొదట్లో ఇంట్లో చేరాడు. ప్రోనోటు అప్పు తీర్చడానికి రెండేళ్ళు పట్టింది. 2 లక్షల 40 వేలు వడ్డీ కట్టి, ఒక చీటీ పాడి, కాగితం చించేశాడు. 2025లో రేటు తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించమని అడగలేదు, నెలలు తగ్గించమని రాసిచ్చాడు. పైన కట్టిన గదికి ఈ మధ్యే బాడుగకు మనుషులు దొరికారు, అంతవరకు అందులో సెంట్రింగ్ చెక్కలే ఉండేవి.

అనంతపురం వాళ్ళ మిద్దె మీద ఇంకా గది రాలేదు. పిల్లర్ల కమ్మీలు అట్లే పైకి నిలబడి ఉన్నాయి. చిలుము పట్టకుండా ప్రతి ఏడూ వానల ముందు సిమెంటు పాలు పూయిస్తాడు. మొన్న పోయినప్పుడు మా వదిన ఆ కమ్మీలకు చీర కట్టి, ఆ నీడలో కూర్చొని వడియాలు పెడుతోంది. "పైన ఎప్పుడు వేస్తారు?" అంటే, "ముందు కిందిది తీరనీ నాయనా" అంటూ ఇంకో గరిటె పిండి తీసుకుంది.